ఒక్క వానకే లేవనివి

నిన్న సాయంత్రం మేడ్చల్‌లో ఈ ఏటి మొదటి వాన పడింది. నేను వంటింట్లో బియ్యం కడుగుతున్నాను. కిటికీ మూయడం మరిచిపోయాను. ముందు గాలి వచ్చింది, తర్వాత దుమ్ము వాసన, దాని వెనుక ఇంకో వాసన. అది మా వీధిది కాదు. మా వీధిలో తారు, డీజిలు, ఎదురింటి మిర్చి బజ్జీల నూనె తప్ప వేరే వాసన ఉండదు. ఇది ఎండకు కాలిన బండ మీద వాన నీళ్ళు నిలిచినప్పుడు అడుగు బురదలోంచి లేచే వాసన. కొంచెం నాచు, కొంచెం ఇనుము, కొంచెం పాత కుండ. గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఎండలో, ఎత్తుమీద, చుట్టూ ఆకాశం తప్ప ఏమీ లేని చోట ఉన్నట్టు అనిపించింది. అంతలో తెలివి వచ్చింది. కిటికీ గూట్లో మట్టిగడ్డ ఉంది. పరుగెత్తేసరికి దానికి ఒక పక్కంతా తడిసిపోయింది.

ఆ గడ్డ నా పిడికిలి కంటే కొంచెం పెద్దది. ఎప్పుడూ బట్టలో చుట్టి, బియ్యం డబ్బా వెనుక పొడిగా దాచేదాన్ని. బట్ట ఉతుకుదామని నిన్న విప్పి గూట్లో పెట్టాను. చూసినవాళ్ళకు అది ఉత్త మట్టి. దాన్ని నా చేతిలో పెట్టింది సుగుణ మేడం. ఆమె ఇప్పుడు లేదు. ఆమెను ఎరగనివాళ్ళకు ఆమె గురించి చెప్పాలని చాలాసార్లు అనుకున్నాను. చెప్పడం నాకు మొదటినుంచీ వచ్చు. రాయడం మాత్రం ఆమె నేర్పిందే, అదీ నా తల నెరవడం మొదలైనాక.

అప్పట్లో నేను శామీర్‌పేటలో, చెరువుకట్ట కింద కరీంనగర్ రోడ్డు పక్కన గంపలో చేపలు పెట్టుకుని అమ్మేదాన్ని. మాది చేపలు పట్టే ఇల్లు. మా ఆయన వలతో తెచ్చినవి నేను అమ్మాలి, మా అత్త పోశవ్వ పక్కన కూర్చుని పొలుసు తీయాలి. ఒకనాడు పొద్దున ఆటోలోంచి ఒకావిడ దిగింది. అరవై దాటి ఉంటుంది. నేత చీర, కాళ్ళకు గుడ్డ బూట్లు, మెడలో తాడుకు వేలాడే కళ్ళద్దాలు.

"ఏం గావాలె అమ్మా? బొచ్చెలున్నయి, రవ్వులున్నయి. కొర్రమీను ఒక్కటే ఉన్నది, మళ్ళ దొరకది" అన్నాను.

"చేపలు వద్దమ్మా. ఈ చుట్టుపక్కల చేపలు లేని నీళ్ళు ఏడున్నయో చెప్తవా?"

"చేపలు లేని నీళ్ళా? మీ ఇంట్ల నల్లా లేదా?"

పక్క గంపల వాళ్ళు పడీ పడీ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. "నల్లా ఉన్నది, దినం తప్పించి దినం వస్తది. నాకు వాన నీళ్ళు గావాలె. వానకు నిలిచి, చలికాలం వరకు ఎండిపోయే నీళ్ళు."

మా అత్త కత్తి ఆపి, "పంతులమ్మా, మేం చేపలోళ్ళం. చేపలు లేని నీళ్ళ తొవ్వ మమ్మల్ని అడుగుతే ఎట్ల? కల్లు లేని చెట్టు గౌండ్లాయనను అడిగినట్టున్నది" అంది. పంతులమ్మ అని ఆమె ఊరికే అన్నది కానీ నిజంగానే ఆమె పంతులమ్మ. సర్కారు కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి రిటైరై, అలియాబాద్‌లో చిన్న ఇల్లు తీసుకుని ఒక్కతే ఉంటోంది. పుట్టింది సిద్దిపేట వైపు. పుస్తకం భాష ఎంత వచ్చినా మాతో ఇంటి భాషే మాట్లాడేది.

అలాంటి నీళ్ళు నాకు తెలుసు. మా తల్లిగారిది అత్వెల్లి. మా ఇండ్ల వెనుక ఒక పరుపుబండ ఉండేది. నేల మీద పరిచిన చాపలాగా, వెడల్పుగా, నున్నగా ఉండేది. పంటలప్పుడు దాని మీద మక్కలు, జొన్నలు ఎండబోసేవాళ్ళం. బండలో అక్కడక్కడా పళ్ళేల్లాంటి గుంటలు. వాటిని దొనలు అంటాం. వాన పడితే నీళ్ళు నిలుస్తాయి. కొన్నాళ్ళకు ఆ నీళ్ళలో గంటె పురుగులు కనిపించేవి. ముందు డిప్పలాంటి వీపు, వెనుక సన్నటి ఒళ్ళు, తోకకు రెండు దారాలు. అచ్చం కూర గంటెను చిన్నగా చేసి నీళ్ళలో వదిలినట్టు. చిన్నప్పుడు వాటిని దోసిట్లో పట్టి వదిలేవాళ్ళం. తినడానికి పనికిరావు, అమ్మడానికి పనికిరావు. అందుకని వాటిని గురించి పెద్దవాళ్ళెవరూ మాట్లాడేవాళ్ళు కాదు.

నేను ఆ మాట చెప్పగానే ఆమె నా చేయి పట్టుకుంది. చేపల చేయి అని కూడా చూడలేదు.

ఆ వారంలోనే ఇద్దరం అత్వెల్లి పోయాం. దొన ఒడ్డున ఆమె చీర కుచ్చిళ్ళు దోపుకుని బోర్లా పడుకుంది. నాకు సిగ్గేసింది, ఎవరైనా చూస్తారేమోనని. "రా, నువ్వు కూడా పండుకో. నిలబడితే నీడ పడ్తది, అవి పోతయి" అంది. పడుకున్నాను. బండ వెచ్చగా ఉంది. నీళ్ళలో మబ్బులు పోతున్నాయి, మబ్బుల మీద గంటె పురుగులు పోతున్నాయి. కాసేపటికి నేను కిందికి చూస్తున్నానా పైకి చూస్తున్నానా అన్నది తెలియలేదు. "వాటి నెత్తి మీద చూడు. రెండు కండ్లు, నడుమ ఇంకొకటి. ఏం చూస్తున్నదో ఆ మూడో కన్ను" అని ఆమె గుసగుసగా అంది. గుడిలో మాట్లాడినట్టు.

తర్వాత నన్ను తన ఇంటి పనికి రమ్మంది. పొద్దున వంట, సాయంత్రం బండలు తిరగడం. గంప మా అత్తకు వదిలి నేను అలియాబాద్ పోవడం మొదలుపెట్టాను. శామీర్‌పేట చుట్టూ ఎక్కని గుట్ట లేదు. దొనలు చాలా కనిపించేవి కానీ గంటె పురుగులు కనిపించేవి కావు. కొన్నిటిని వెంచర్ల వాళ్ళు మొరం పోసి పూడ్చారు. కొన్ని పెద్దవాటిలో ఎవరో చేపపిల్లలు వదిలారు. చేప ఉన్నచోట ఇవి బతకవు, దొరికినవి దొరికినట్టు తినేస్తుంది. ఎండిపోయే నీళ్ళలో చేప బతకదు కనుకే ఇవి ఎండిపోయే నీళ్ళను నమ్ముకున్నాయి. నీళ్ళు ఇంకిపోయే లోపల గుడ్లు పెట్టి చచ్చిపోతాయి. ఆ గుడ్లు బురదతో పాటు ఎండి, ఎండలో కాలి, దుమ్మయి, ఏండ్లు ఏండ్లు అలాగే పడి ఉంటాయి. మళ్ళీ వాన పడితే లేస్తాయి. మాకు తెలిసినంతలో అవి మిగిలింది మా అత్వెల్లి బండ మీద మాత్రమే.

నాకు చదువు చెప్పింది కూడా బండ మీదే. ఒకరోజు ఆమె దొనలో వేలు ముంచి, ఎండకు కాగిన బండ మీద ఏదో రాసింది. నల్లగా మెరిసి, చూస్తుండగానే ఆవిరైపోయింది. "ఏం రాసిండ్రు?" అన్నాను. "చూడకముందే పోయింది. మళ్ళ రాస్త, ఈసారి కన్ను ఆర్పకు" అంది. అది బ. తర్వాత ర. తర్వాత ద. పలక మీద అయితే ఎంతసేపైనా చూడొచ్చు, చూద్దాంలే అని వదిలేయొచ్చు. బండ మీద అక్షరం ఆగదు. అది పోయే లోపల దాన్ని కంట్లో పెట్టుకోవాలి. నేను మొట్టమొదట చదివిన మాట బురద. దానికి కొమ్ము పెట్టడం మరిచిపోయి నేను బరద అని రాశాను. ఆమె అది ఆరిపోయేదాకా ఆగి, తన వేలు ముంచి మళ్ళీ రాసింది. తప్పు రాసినా మిగలని చోట నేర్చుకున్నాను కాబట్టి నాకు రాయడమంటే భయం పట్టుకోలేదు.

మధ్యలో ఒకసారి విసుగొచ్చింది. "ఈ వయసుల నాకేం వస్తది మేడం. లేవాల్సిన కాలంల లేవకపోతిమి" అన్నాను. ఆమె కొంగుతో చెమట తుడుచుకుని, ఇంకో అక్షరం రాసింది.

ఒకనాడు బండ మీద కాలు జారి చేయి ఆనించాను. గాజులు పలిగాయి. ముక్కలు ఏరుతూ అడిగాను. "ఈ గంటె పురుగులు ఎంత పాతయి మేడం?"

"రాకాసి బల్లులు భూమి మీద తిరిగినయని విన్నవా? అవి పుట్టకముందే ఈ ఆకారం ఉన్నది. అవి వచ్చినయి, పోయినయి. ఇది ఇంకా దొనల ఈత కొడుతున్నది."

"అయితె ఇగ దీనికేం ఫికర్ లేదు. గన్ని కాలాలు సూసినంక ఇగ పోతదా?"

ఆమె నా చేతిలోని ముక్కలు చూసింది. "వీటిల పాతయి ఏవి?"

"గీ పచ్చయి పోయిన బోనాలకు ఏసుకున్నయి. ఎర్రయి మొన్నటియి."

"పచ్చది ఇన్నిదినాలు పలగలేదు గద. ఇయ్యాల ఎందుకు పలిగింది?"

"బండ తాకింది, పలిగింది."

"అది పాతదని బండకు ఎరుకేనా?"

నేను నవ్వబోయి ఆగాను. ఆమె ఆ మాటను సగం నాతో, సగం తనతో అంటున్నట్టుంది. మనిషికి ముసలితనం ఉంది, ఎంత బతికితే అంత చావుకు దగ్గరవుతాడు. గాజుకు అది లేదు. నిన్న తొడిగినా, ఏడాది కింద తొడిగినా, ఈరోజు దెబ్బ తగిలే భయం రెండిటికీ ఒక్కటే. జీవుల్లో ఒక జాతి కూడా గాజులాంటిదేనని చాలాకాలంగా కొందరు చదువుకున్నవాళ్ళు అంటున్నారట. ఎంత పాతదైనా దానికి బలమూ రాదు, బలహీనతా రాదు. ప్రతి పొద్దూ దానికి కొత్త పొద్దే.

"కానీ మేడం, కొత్తయే ఎక్కువ పలుగుతయి. గాజులామె తొడిగేటప్పుడే కొన్ని పోతయి. ఒక్కసారి చెయ్యి దాటి మణికట్టు మీద కూసున్నంక మస్తు దినాలుంటయి" అన్నాను.

ఆమె కళ్ళద్దాలు తీసి నన్ను చూసింది. "అట్ల అనేటోళ్ళు కూడ ఉన్నరు. కొత్త జాతి ఇంత చిన్న జాగల పుడ్తది, పిడికెడు ఉంటయి. ఒక్క దెబ్బకే పోతయి. ఆ దెబ్బ తప్పించుకున్నయే పాతయి అయితయి. కానీ ఇంకో చిక్కున్నది లచ్చమ్మా. ఇల్లు పాతదయితే కిరాయికి ఉన్నోళ్ళు పాతోళ్ళని కాదు. ఈ ఆకారం పాతది. ఇప్పుడు ఇందుల ఉన్న జాతి మరీ అంత పాతది కాకపోవచ్చు. మనం ఇంటిని చూసి మనిషి వయసు చెప్తున్నం."

ఇదంతా ఆ రాత్రి తింటూ మా అత్తకు చెప్పాను. ఆమె చేప ముల్లు తీసి పక్కన పెట్టి, "పాత గాజు ఎప్పటి లెక్కనే ఉంటదే. చెయ్యే లావైతది. అప్పుడది పట్టకొస్తది. తప్పు గాజుదా?" అంది. మర్నాడు ఆ మాట మేడంకు చెప్పాను. ఆమె టీ తాగడం ఆపి, "మళ్ళ చెప్పు" అంది. మళ్ళీ చెప్పాను. టీ చల్లారిపోయింది. నన్ను వేడిచేయమని కూడా అనలేదు. "అట్ల కూడ పోతయి" అని మాత్రం అంది చివరికి. "లోకం మారుతది, అవి మారవు. చదువుకున్నోళ్ళ మాట, నీ మాట, మీ అత్త మాట, మూడూ నిజమే కావచ్చు. ఏది ఎప్పుడు నిజమో తెల్వకనే ఇన్నేండ్లు తిరిగిన."

ఆ ఎండాకాలం మా అత్వెల్లి బండను కంకర కొట్టే క్రషర్‌కు ఇచ్చారు. ఊళ్ళో అందరికీ ముందే తెలుసు. పేల్చడం మొదలుపెట్టకముందే మేమిద్దరం పోయి, ఎండిన దొనల అడుగున ఉన్న మన్ను గోకి, చిన్న గోనెసంచిలో పోశాం. పల్చటి పెంకులుగా లేచింది. ఒక పెంకును ఆమె అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది. ఆవాల కంటే సన్నటి చుక్కలు అందులో ఉన్నాయని చెప్పింది. నాకు మన్నే కనిపించింది. అలియాబాద్ వెనుక, తుమ్మచెట్ల నడుమ, కొంచెం ఎత్తు మీద, ఇంకో పరుపుబండ చూసి పెట్టుకున్నాం. దాని దొన లోతు సరిపోయింది, చేపల్లేవు, క్రషర్‌కు పనికొచ్చేంత పెద్దదీ కాదు. వాన పడి అక్కడ నీళ్ళు ఎన్నాళ్ళు నిలుస్తాయో చూసి మన్ను పోద్దామని ఆమె ఆలోచన. వాన పడేసరికి ఆమె స్నానాల గదిలో పడి తుంటి విరగ్గొట్టుకుంది. సంచి వరండాలోనే ఉండిపోయింది. మంచం మీద పడుకుని అప్పుడప్పుడు అత్వెల్లి వైపు తల తిప్పేది. అంత దూరం చప్పుడు వినిపించదు. అయినా, "ఇయ్యాల పేల్చిండ్రా?" అని అడిగేది. అంత పాత వంశం, మా ఊరి వరకు, ఆ గోనెసంచిలో ఉంది. అది పోతే ఇక తెచ్చుకోవడానికి ఎక్కడా లేదు.

బతుకమ్మకు ముందు మా దగ్గర ఆడపిల్లలు బొడ్డెమ్మ ఆడతారు. పీట మీద పుట్టమన్నుతో అంతస్తులుగా కట్టి, పూలు పెట్టి, పైన పసుపు గౌరమ్మను కూర్చోబెట్టి, సాయంత్రాలు చుట్టూ తిరిగి పాడతారు. చివరి రోజు బొడ్డెమ్మను పాటతో నిద్రపుచ్చి చెరువులో కలుపుతారు. ఆ ఏడు మా బిడ్డ రేణుక వాళ్ళకు పుట్టమన్ను దొరకలేదు. పుట్టలన్నీ ప్లాట్ల కింద చదునైపోయాయి. నేను మేడంను తుంటి చూపించడానికి ఆసుపత్రికి తీసుకుపోయిన పూట, మా అత్త పిల్లలను వెంటబెట్టుకుని అలియాబాద్ వచ్చింది, మేడం పెరట్లో ఏమైనా పుట్ట ఉందేమోనని. పుట్ట లేదు. వరండాలో సంచి ఉంది.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి మా వాకిట్లో బొడ్డెమ్మ నిలబడి ఉంది. గునుగు, తంగేడు, బంతి. పిల్లలు చప్పట్లు కొడుతూ తిరుగుతున్నారు. దగ్గరికి పోగానే నాకు వాసన తెలిసింది. బండ వాసన.

"అత్తా, గీ మన్ను యాడిది?"

"మీ పంతులమ్మ ఇంటిది. మంచి మన్నే. ఎవలు తొక్కలే, ఎవలు ఉమ్మలే. బండ మీది మన్ను, పుట్టమన్ను కంటె మడి. అమ్మవారికి ఇంకేం గావాలె?"

"అయ్యో అత్తా, గండ్ల గుడ్లున్నయి!"

"ఏం గుడ్లు? కోడి గుడ్లా?" అని రేణుక నవ్వింది. కూర్చున్న బొడ్డెమ్మను మధ్యలో లేపకూడదు. తొమ్మిది రోజులూ కూర్చోవాలి. ఆ తర్వాత చెరువు. చెరువునిండా మా చేపలే.

మర్నాడు మేడంకు చెప్పడానికి గుమ్మం దగ్గర చాలాసేపు నిలబడ్డాను. విన్నాక ఆమె కళ్ళు మూసుకుంది. "పీటంత నీళ్ళతోని తడిపిండ్రా?" అని అడిగింది చివరికి. "ముద్ద చేసేటందుకు తడిపిండ్రు. ఇప్పుడు పొద్దుమూకి చిలకరిస్తున్నరు."

"తడి తగిలితే కొన్ని లేస్తయి. ఈదేటందుకు నీళ్ళుండయి, పోతయి. పోనీ." కళ్ళు తెరిచింది. "అన్నీ ఒక్క వానకే లేవయి లచ్చమ్మా. మొదటి వానకు కొన్ని, రెండోదానికి కొన్ని. కొన్నయితే అసలు కదలవు, ఎన్ని వానలు వచ్చినా. లేచినవాటికి కరువొచ్చి పోయినా, లేవనియి ఉంటయి. నాకు తెలిసినంతల వాటి వయసు రహస్యం ఇదే. బలం కాదు." నా వైపు చూడకుండా, "లేవాల్సిన కాలంల లేవలేదన్నవు గద మొన్న. దాని కోసం ఒక కాలం ఉండదు" అంది.

ఆ సాయంత్రం కర్రల సాయంతో మా వాకిట్లోకి వచ్చింది. కుర్చీ వేశాం. అప్పటినుంచి ప్రతి సాయంత్రం వచ్చేది. ఆటోలో దిగి, పిల్లల పాట వింటూ, మట్టి అంతస్తుల వైపు చూస్తూ కూర్చునేది. దీపం వెలుగు వాటి మీద పడి కదిలేది. నాకది వాకిట్లో నిలిచిన చిన్న గుట్టలా కనిపించేది. అందులో పడుకున్నవాళ్ళకు పిల్లలు పాడుతున్నట్టు.

చెరువుకు కాకుండా అలియాబాద్ బండ మీదికి తీసుకుపోదామని నేను అన్నప్పుడు మా అత్త మీద పిడుగు పడ్డట్టయింది. "గంగమ్మను ఇడిశిపెట్టి బండ మీద పోస్తరా? మనం ఎవలం? సెరువు తిండి తింటున్నం. సదువు నేర్సినవని తలకాయ తిరుగుతాందా?"

మేడం మెల్లగా అంది. "పోశవ్వా, చెరువుల మీ వలకు ఇదివరకు వచ్చి, ఇప్పుడు రాని చేప ఉన్నదా?"

మా అత్త చేతిలో ఉన్న తమలపాకును మడిచింది, విప్పింది. "ఒకటుండె. ఇంతే ఉండేది, ఏలంత. ఒంటి మీద సారలు. ఎండు సేపల ఏసి వండుతె ఇల్లంత కమ్మటి వాసన. మా అవ్వ కాలం కంటె ముందటి నుంచి ఉన్నదంట."

"ఎప్పుడు పోయింది?"

"గదే ఎరుక లేదు. ఒకనాడు వల్ల పడలే. రేపు పడ్తది అనుకున్నం. మళ్ళ పడలే. పోయిందని ఎవలు అనలే. ఏడ్సిందీ లేదు." ఆమె పీట వైపు చూసింది. "గిండ్ల నిజంగ పిల్లలు పన్నరా పంతులమ్మా?"

"పండుకున్నరు."

"సెరువుల ఏస్తె?"

"చేపలు తింటయి."

"తింటయి. మా సేపలు దేన్ని ఇడుస్తయి" అంది మా అత్త, కొంచెం గర్వంగానే. ఆకు నోట్లో వేసుకుని నమిలింది. "నిద్రపుచ్చి సేపల నోట్ల ఏసుడు మంచిది గాదు. గౌరమ్మ సెరువుకు. మన్ను బండకు. ఎవలన్న అడుగుతె నా పేరు సెప్పుండ్రి."

చివరి రోజు గౌరమ్మను, పూలను కట్ట మీదినుంచి నీళ్ళలో వదిలి, పీటను ఆటోలో పెట్టుకుని అలియాబాద్ పోయాం. తుమ్మచెట్ల దాకా ఆటో, అక్కడినుంచి నడక. మేడం పైకి ఎక్కలేకపోయింది. కింద రాయి మీద కూర్చుంది. అప్పటికి పొద్దు గూకుతోంది. పగలంతా వాన పడి ఆగింది. బండ తడిగా ఉంది, దొనలో నీళ్ళు ఆకాశం రంగులో ఉన్నాయి. మేము మన్ను విడదీసి ఒక్కో ముద్ద నీళ్ళలోకి జారవిడుస్తుంటే అది పొగలాగా విప్పారి, మబ్బులాగా అయి, అడుగున కూర్చుంది. పిల్లలు నిద్ర పాట అందుకున్నారు. బండ మీద పాట వేరుగా వినిపిస్తుంది. గొంతు మనది, చప్పుడు రాయిది. కిందినుంచి మేడం కూడా పాడుతోంది. నాకు మాటలు వినిపించలేదు. రాగం మాత్రం మెట్లు ఎక్కినట్టు ఒక్కొక్కటిగా పైకి వచ్చింది. మా అత్త ఉత్త పీటను దొన నీళ్ళతోనే కడిగింది.

"అంతా వేయకు. ఒక గడ్డ పొడిగ ఉంచు" అని మేడం ముందే చెప్పింది. దిగి వచ్చాక బొడ్డెమ్మ అడుగున ఎండి గట్టిపడిపోయిన గడ్డను ఆమెకు ఇచ్చాను. ఆమె దాన్ని తిరిగి నా చేతిలోనే పెట్టింది.

మరుసటి ఏడు దొన నిండింది. ఆమె కర్ర పట్టుకుని, నా భుజం పట్టుకుని పైకి ఎక్కింది. బోర్లా పడుకోలేదు కనుక నేను పడుకుని చూసి చెప్పేదాన్ని. కప్పపిల్లలు. దోమపిల్లలు. నీటి మీద నడిచే సాలీళ్ళు. "ఇంకేం లేవా?" "లేవు మేడం." "ఈ వానకు కాదేమో" అనేది ప్రతిసారీ. ఆఖరుకు నేనే అబద్ధం చెప్పాలనుకున్నాను. చెప్పలేదు. ఆమెకు నిజం కావాలి, అది లేదన్నదైనా సరే. ఆ చలికాలం ఆమె నిద్రలో పోయింది. తమ్ముడి కొడుకు వచ్చి అన్నీ చేశాడు. ఇల్లు అమ్మేశారు.

ఆ తర్వాతి వానాకాలం నేను పోవద్దనుకున్నాను. మా అత్తే, "పోయి సూసి రా. లేకుంటె లేదు. సూడకుండ లేదనకు, మేం సారల సేపను గట్లనే పోగొట్టుకున్నం" అంది. పోయాను. బోర్లా పడుకున్నాను. బండ వెచ్చగా ఉంది. నీళ్ళలో మబ్బు పోతోంది. ఆ మబ్బు మీద, తోకకు రెండు దారాలు వేలాడుతూ, చిన్న గంటె ఒకటి పోయింది. దాని వెనుక ఇంకొకటి. ఎంతసేపు చూశానో తెలియదు. నాతో పాటు ఎవరూ లేరు. దొనలో వేలు ముంచి, ఎండకు కాగిన బండ మీద రాశాను. వచ్చినయి మేడం. మొదటి అక్షరం ఆరిపోతుండగా చివరి అక్షరం రాశాను. కన్ను ఆర్పలేదు.

ఇప్పుడు నేను మేడ్చల్‌లో ఒక బడిలో పిల్లలకు వంట చేస్తాను. మా అత్త పోయింది. రేణుక కొంపల్లిలో ఒక దుకాణంలో పనిచేస్తుంది. అత్వెల్లి బండ ఉన్నచోట ఇప్పుడు లోతైన గుంత, దానినిండా పచ్చటి నీళ్ళు, ఆ నీళ్ళలో చేపలు. పాతది కాబట్టి ఉంటుందని నేను ఇప్పుడు దేని గురించీ అనుకోను. పాతది కాబట్టి పోతుందనీ అనుకోను. ఉన్నదాన్ని చూడటానికి పోతాను, అంతే. మేడం దగ్గర నేను నేర్చుకున్నది అదే అనిపిస్తుంది, అక్షరాల కంటే కూడా.

నిన్న వాన ఆగాక గడ్డను పళ్ళెంలో పెట్టుకుని రేణుకకు ఫోన్ చేశాను. నా గొంతు విని అది భయపడింది.

"ఏమైందే అమ్మా?"

"మేడం ఇచ్చిన గడ్డ తడిసిందే. కిటికీ మూసుడు మర్శిన."

"మొత్తం తడిసిందా?"

"సగం."

"సగం పొడిగ ఉన్నదా?"

"ఉన్నది."

"అయితె ఇంక పరేషాన్ ఎందుకే? గట్లనే గద ఉండాల్సింది" అంది.

గడ్డను రెండుగా విరిచాను. పొడి సగాన్ని ఉతికిన బట్టలో కట్టి బియ్యం డబ్బా వెనుక పెట్టాను. తడి సగాన్ని స్టీలు గిన్నెలో వేసి, కిటికీ చూరు నుంచి కారుతున్న వాన నీళ్ళు పట్టాను. ఈ పొద్దున ఆ గిన్నెను ఒళ్ళో పెట్టుకుని, తుమ్మచెట్ల నడుమ దొనలో కలుపుదామని, శామీర్‌పేట ఆటో ఎక్కాను. గతుకులు వచ్చినప్పుడల్లా రెండు అరచేతులతో పైన మూశాను. పక్కన కూర్చున్నామె, "ఏం తీస్కపోతున్నవమ్మా, చేపలా?" అని అడిగింది. మూతగా పెట్టిన నా వేళ్ళ సందులోంచి పాత వాసన వస్తోంది.

"కాదమ్మా, ఇంకా లేవలేదు" అన్నాను.